దిగిపోయిందెవరండీ?

మా మంత్రాలయంలో స్వామివారి ఆరాధనలు వచ్చాయంటే నాకు రెండు పనులు ఖాయం. ఒకటి పదిహేను మందికి వంట. రెండోది మా మరిదితో వాదన. ఈసారి ఉత్తరారాధన నాడు మహారథం చూద్దామని తెలిసినవాళ్ళ అరుగు మీద ఇంత చోటు చేసుకుని కూచున్నామో లేదో, రథంతో పాటే వాదనా కదిలింది. దేని మీదంటారా? కారు పందాల మీద. నవ్వకండి.

బెంగుళూరులో ఉద్యోగం చేసే మా మరిదికి ఆ పిచ్చి ఉంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పందెం జరిగితే సెలవు పెట్టి మరీ వెళ్ళొచ్చాడు. రథం చక్రాల వంక చూపించి, "ఓపెన్ వీల్ అంటే ఇదే వదినా" అన్నాడు. నిజమే. చక్రాలు బండి ఒంటికి బయట ఉంటే ఓపెన్ వీల్. స్వామి రథమూ, మన ఎద్దులబండీ ఆ జాతివే, ఫార్ములా వన్ కారూ ఆ జాతిదే. చక్రాలు రేకుల కింద దాచుకుని, నెత్తిన కప్పుతో, చూడ్డానికి వీధిలో తిరిగే కారులా ఉండేది స్టాక్ కారు. అంగట్లో అమ్మకానికి ఉన్న కారు అని ఒకప్పటి అర్థం. ఇప్పుడు పోలికే మిగిలింది, లోపలిదంతా పందెం కోసం చేసిందే. అమెరికాలో నాస్‌కార్ అనే సంస్థ 1948 నుంచి ఈ పందాలు నడిపిస్తోంది.

ఇంతవరకూ బాగానే ఉంది. తరవాత అన్నాడూ, "మన నరైన్ కార్తికేయన్ లేడా, ఫార్ములా వన్ కాడ పప్పులుడకల్యా. అమెరికాకు పొయ్యి ట్రక్కులు తోలుకున్యాడు. పాపం, దిగిపోయినాడు లే వదినా."

ఆ 'దిగిపోయినాడు' దగ్గర నాకు ఒళ్ళు మండింది.

నరైన్ కోయంబత్తూరు పిల్లవాడు. ఆ ఊళ్ళో మన తెలుగు మాట్లాడే నాయుళ్ళకి మిల్లులూ మోటార్లూ తరాలనాటి వ్యవహారం. జి.డి. నాయుడుగారు 1920లోనే అక్కడ బస్సులు మొదలుపెట్టారు. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్ అయితే, మనం పిల్లల్ని బడికి దింపే మారుతి 800 ఇంజను తీసి ఓపెన్ వీల్ కారుకి పెట్టి ఫార్ములా మారుతి అని పందాలే ఆడించాడు. పాపం, 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. నరైన్ మొదట తోలింది ఆ బండ్లే. 2005లో ఫార్ములా వన్‌లో పోటీ చేసిన మొట్టమొదటి భారతీయుడయ్యాడు. ఆ ఏడు అమెరికా పందెంలో టైర్ల మీద నమ్మకం లేక పద్నాలుగు కార్లు తప్పుకుంటే, మిగిలిన ఆరింటిలో నాలుగోవాడుగా వచ్చి అయిదు పాయింట్లు తెచ్చుకున్నాడు. ఆ తరవాత పందెంలో చోటు దొరకలేదు. 2010లో, ముప్ఫైమూడేళ్ళ వయసులో, నాస్‌కార్ వారి ట్రక్కు పందాలకు వెళ్ళాడు. అది ఆ సంస్థలో మూడో తరగతి పోటీ, ఒప్పుకుంటాను.

చోటు లేక వెళ్ళాడు గనక దిగిపోయాడట! ఎందుకు వెళ్ళాడన్నది ఒక సంగతి, వెళ్ళి ఏం చేశాడన్నది ఇంకో సంగతి. రెండోదాని జోలికి పోరేం?

ఫార్ములా కారు ఆ రోజుల్లో మనిషితో కలిపి 600 కిలోలు. ఆ ట్రక్కు సుమారు 1500. ఫార్ములా కారుకి ముందూ వెనకా రెక్కలుంటాయి. వేగం పెరిగేకొద్దీ గాలే బండిని నేలకేసి అదుముతుంది, గట్టిగా పోయేవాడికే పట్టు దొరుకుతుంది. ట్రక్కుకి ఆ అదుము తక్కువ. మలుపులో తోక జారుతుంది, ఆ జారుడునే చేతులతో బుజ్జగిస్తూ పోవాలి. ఫార్ములా వన్‌లో గేరు స్టీరింగు వెనక వేలితో మీటితే పడుతుంది. ట్రక్కులో మన ఆర్టీసీ డ్రైవరు లాగా క్లచ్చి తొక్కి గేర్ రాడ్ లాగాల్సిందే. అక్కడ చక్రం చక్రానికి తగిలితే బండి గాల్లోకి లేస్తుంది గనక ఎడంగా పోవడం నేర్పుతారు. ఇక్కడ ఒకణ్ణొకడు రాసుకుంటూ, వెనకనుంచి ఓ తోపు తోసుకుంటూ పోవడమే మర్యాద. పక్కన ఎవరున్నారో లోపలివాడికి సరిగా కనబడదు గనక, పైన ఎత్తున నిలబడి ఓ మనిషి రేడియోలో చెబుతూ ఉంటాడు. మన బస్సులో కండక్టరు రైట్ రైట్ అన్నట్టే. అంటే, పదిహేనేళ్ళుగా ఒంటికి పట్టిన అలవాట్లలో సగం కొత్తచోట అడ్డం వస్తాయన్నమాట.

అతను మొదట దిగిన మార్టిన్స్‌విల్ పందెం ఎనిమిదొందల మీటర్ల పైచిలుకు చుట్టు. అలాంటివి 250 చుట్లు. మన బృందావనం చుట్టూ నూటెనిమిది చేసేసరికే కాళ్ళు పీక్కుపోతాయి. పైగా అక్కడ తిరగడమంతా ఎడమవైపుకే, అంటే అప్రదక్షిణం! మా అత్తగారుంటే ఆ పందాలు చూడనిచ్చేవారు కాదు. నరైన్ ఆ రోజు పదమూడో స్థానంలో ముగించాడు. ఆ ఏడాది చివర ట్రక్కు పందాల్లో అందరికంటే ఆదరణ పొందిన డ్రైవరుగా అభిమానులు అతన్నే ఎన్నుకున్నారు. అది ఓట్ల బహుమతే, గెలుపు కాదు, నాకూ తెలుసు. మరి 2011లో మళ్ళీ ఫార్ములా వన్‌లోకి ఎలా వెళ్ళాడు? దిగిపోయినవాడికి మెట్లు ఎవరు వేశారు? 2007లో ఫార్ములా వన్ విజేతయిన కిమి రైకొనెన్ కూడా 2011లో అదే ట్రక్కు తోలి, 2012లో తిరిగొచ్చి అబుదాబిలో గెలిచాడు. ఆయన్ని ఎవరూ పాపం అనలేదే!

ఇంకో మాట. నాస్‌కార్‌లో పాత వీరులు కొందరు నాటుసారా రవాణా చేసినవాళ్ళు. పోలీసులకి చిక్కకుండా రాత్రిళ్ళు కొండదారుల్లో తోలి నేర్చుకున్న విద్య అది. జూనియర్ జాన్సన్ అనే మహానుభావుడు 1956లో బట్టీ దగ్గరే దొరికి పదకొండు నెలలు జైల్లో ఉన్నాడు. 1992లో దూబగుంట ఆడవాళ్ళ చేతికి చిక్కి ఉంటే పదకొండు నెలలతో పోయేది కాదు. బహుశా ఈ పుట్టుక వల్లే చదువుకున్నవాళ్ళకి ఆ పందాలంటే మోటు అని చులకన.

"మరి డానికా పాట్రిక్ సంగతేంది?" అన్నాడు మరిది, ఆడదాని పేరెత్తితే నేను తగ్గుతానని. ఆమె 2008లో జపానులో ఇండీకార్ పందెం గెలిచింది. ఆ తరగతిలో గెలిచిన మొదటి మహిళ ఆవిడే. అదీ ఓపెన్ వీలే. తరవాత స్టాక్ కార్లకి మారి, 2013 డేటోనా 500లో అందరికంటే వేగంగా తిరిగి మొదటి వరసలో మొదటి చోటు సంపాదించింది. అంతకుముందు ఏ మహిళకీ అది దక్కలేదు. ఆ పందెంలో ఎనిమిదోది. నాస్‌కార్‌లో ఒక్కటీ గెలవలేదు, నిజం. 2007లో ఇండియనాపొలిస్ 500 గెలిచిన డారియో ఫ్రాంకిటీ మరుసటేడు స్టాక్ కార్లకి వెళ్ళి చీలమండ విరగ్గొట్టుకున్నాడు, డబ్బు పెట్టేవారు లేక జట్టే మూతబడింది. వెనక్కి వచ్చి వరసగా మూడేళ్ళు ఇండీకార్ విజేతయ్యాడు. డానికా గెలవకపోతే ఆడదానికి చేతకాలేదన్నారు, డారియోకి కుదరకపోతే బండి మంచిది కాదన్నారు. ఈ లెక్క మనింట్లో పప్పు మాడినప్పటి లెక్కలాగే లేదూ?

నాకింత కోపం ఎందుకంటే, చెప్పేస్తాను. నేను ఇరవై ఏళ్ళు వీణ వాయించాను. వీధిలో ఆడపిల్లలు పాట నేర్పమని వస్తే, వాళ్ళకి వీణ కొనే స్తోమత లేక, నేనే హార్మోనియం తెచ్చుకున్నాను. "వీణ నుంచి హార్మోనియానికి దిగిందమ్మా" అన్నారు అయినవాళ్ళే. వీణ మీద తీగ లాగితే గమకం పలుకుతుంది. హార్మోనియం మెట్టు లాగితే ఏమొస్తుంది? ఆర్నెల్లు నా వేళ్ళు మెట్ల మీద తీగని వెతుక్కున్నాయి. వచ్చిన విద్యని పక్కన పెట్టి, పదేళ్ళ పిల్లల ముందు తప్పులు వాయించడం ఎంత సిగ్గో ఒక్కరూ అడగలేదు. దిగింది అన్న మాట మాత్రం అందరికీ నోటికి వచ్చింది.

మరిది కాసేపు మాట్లాడలేదు. రథం దగ్గరికొచ్చింది, అందరం లేచి దండం పెట్టుకున్నాం.

మర్నాడు ఎమ్మిగనూరులో చుట్టాల్ని దింపి రావాలి. మరిది కారుకి గేర్లుండవు, దానంతటదే మార్చుకుంటుంది. అది ఇంకో బండి వెనక ఇరుక్కుపోయి, మావారి పాత జీపు తీశాడు. గుమ్మం ముందే మూడుసార్లు ఆగిపోయింది. వెనక కూచున్న పెద్దాయన "ఏమయ్యా, బెంగుళూరులో రోజూ తోలతానంటివే" అన్నారు. నేను గడపలో నిలబడి, పరిమళ ప్రసాదం పొట్లాం కిటికీలోంచి అందించి, నోరు మూసుకుని లోపలికొచ్చేశాను.