రేపు రా!

ఒకప్పుడు మన పల్లెల్లో ఇంటి తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసి ఉండేది. రాత్రివేళ ఒక దయ్యం వచ్చి తలుపు తడుతుందనీ, ఆ రాత చదువుకుని వెనుదిరుగుతుందనీ, మరునాడు వచ్చినా మళ్ళీ అదే రాత కనబడుతుంది గనుక ఇక లోపలికి రాలేదనీ నమ్మకం. ఉపాయం బాగానే ఉంది. కాని అందులోని మెలికను ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. దయ్యం పోలేదు! ప్రతి రాత్రీ వస్తూనే ఉంది.

పని వాయిదా వేయడాన్ని విశ్రాంతిగా భావించే వారితో నా పేచీ ఇక్కడే. పనిని రేపు రమ్మన్నవాడు దానినుంచి తప్పించుకోడు, రోజూ గుమ్మంలోకి పిలుచుకుంటాడు. ఈ మాట అనడానికి నాకున్న అర్హత ఒక్కటే: నేనూ ఆ రాత రాసుకున్నవాణ్ణే.

మా నాన్నగారు కేంద్ర ప్రభుత్వోద్యోగం చేసి విరమించారు. అటువంటి పింఛనుదారులు ఏటా నవంబరులో తాము జీవించి ఉన్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. ఒక ఏడాది ఆ నెల మొదటి వారంలోనే, "ఒరేయ్, ఓసారి బ్యాంకుకి తీసుకెళ్ళరా" అన్నారు. పావుగంట పని. "సోమవారం చూద్దాం నాన్నా" అన్నాను. ఆ తర్వాత మూడు సోమవారాలు గడిచాయి. పోనీ, ఆ నెలంతా నేను హాయిగా ఉన్నానా అంటే అదీ లేదు. భోజనాల దగ్గర ఆయన గొంతు సవరించుకుంటే చాలు, ఆ మాటే అడుగుతారేమోనని గుండె గుభేలుమనేది. చివరిరోజున పరుగున తీసుకెళితే, 78 ఏళ్ళ అరిగిన వేలిముద్రను యంత్రం గుర్తించలేదు. ఇంకో దారి చూసుకోవడానికి సమయం మిగలలేదు. మరుసటి నెల పింఛను ఆగింది. తర్వాత బకాయిలతో సహా వచ్చిందనుకోండి. కాని నలుగురి ముందూ నిలబడి "నేను బతికే ఉన్నానండీ" అని ఆయన చెప్పుకోవలసి వచ్చిన క్షణం మాత్రం నేనెన్నటికీ తీర్చలేని బాకీ.

దీన్ని సోమరితనం అంటారు. కాదు. అదే నెలలో నేను పుస్తకాల బీరువా రెండుసార్లు సర్దాను! ఫ్యూషియా సిరోయిస్, తిమొతీ పిచిల్ అనే మనస్తత్వ పరిశోధకులు 2013లో ప్రకటించిన వ్యాసం ఈ గుట్టు విప్పింది. మనం తప్పించుకునేది పనిని కాదట, ఆ పని తలుచుకుంటే కలిగే చికాకును. 1997లో టైస్, బామైస్టర్ విద్యార్థులను పరిశీలించినప్పుడు తేలిందీ ఇటువంటిదే. వాయిదా వేసేవారు చదువుల కాలం మొదట్లో నిశ్చింతగానే ఉన్నారు, చివరికి వచ్చేసరికి మాత్రం తక్కినవారికన్నా ఎక్కువ ఒత్తిడి అనుభవించారు, మార్కులూ తక్కువే తెచ్చుకున్నారు. అంటే ఆ నిశ్చింత అప్పుగా తెచ్చుకున్నదే. వడ్డీ తప్పదు.

"నిదానమే ప్రధానం" అని కొందరు భారతాన్ని అడ్డం పెట్టుకుంటారు. శాంతిపర్వంలోని చిరకారి, తల్లిని చంపమన్న తండ్రి ఆజ్ఞను పాటించకుండా ఆలోచిస్తూ కూర్చోబట్టే కదా, ఆమె బతికిందీ, గౌతముడు పశ్చాత్తాపపడి కొడుకును మెచ్చుకున్నదీ! నిజమే. కాని ఆయన జాగు చేసింది చేయరాని పనికి. పైగా అంతసేపూ ఆ ఒక్క విషయాన్నే తర్కించాడు. మనం జాగు చేసేది చేయవలసిన పనికి, అదీ దాన్ని తలుచుకోకుండా ఉండడానికి. ఆ మహానుభావుణ్ణి మన జట్టులో కలుపుకోవడం అన్యాయం.

ఇక ఆలస్యం మన జాతి లక్షణమని నవ్వుతూ చెప్పుకునేవారు. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడ దాపులనుంచే పోతుంది, అందులో గంట రాయితీ ఎక్కడా లేదు! ముహూర్తం తెల్లవారుజామున 3 గంటల 42 నిమిషాలకంటే ఆ నిమిషానికి జీలకర్ర బెల్లం పెట్టించే జాతి మనది. అదే ఇంటివారు సాయంత్రం ఏడింటికి విందుకి పిలిచి తొమ్మిదికి వేదిక ఎక్కుతారు. చేతకాకనా? గ్రహాలు కాచుకోవు, అతిథులు కాచుకుంటారు గనుక. పై అధికారి గదికి వేళకి వెళ్ళేవాడే కింది ఉద్యోగిని గంట నిలబెడతాడు. కాబట్టి ఆలస్యం స్వభావం కాదు, ఎవరి కాలానికి విలువ లేదో మనం చేసే తీర్మానం. నా తీర్మానంలో విలువ లేనివాడు మా నాన్న అని తెలుసుకోవడానికి నాకొక నవంబరు పట్టింది.

సంకల్పబలం గురించి ఉపన్యాసాలు నాకు పనిచేయలేదు. పనిచేసినవి చిన్నవి. "ధ్రువపత్రం సంగతి చూడాలి" అనుకుంటే కొండ. "పింఛను కాగితాలు సంచిలో పెట్టాలి" అనుకుంటే రెండు నిమిషాలు. అక్కడికి పది నిమిషాల్లో వెళ్ళిపోతానని ఊహించుకోకుండా, కిందటిసారి నిజంగా ఎంత పట్టిందో అదే లెక్క వేసుకోవడం. చెడిన పనిని దాచకుండా, ఆలస్యమైందని ముందే చెప్పేయడం. ఇంతే.

ఇప్పుడు మొదటి వారంలోనే, తలుపులు తీయకముందే మేమిద్దరం బ్యాంకు మెట్ల మీద ఉంటాం. ఆయన అడగవలసిన పని లేదు.

మీ తలుపు మీద ఏ పనిని రేపు రమ్మని రాసుకున్నారో మీకు తెలుసు. ఈ రాత్రికి దాన్ని లోపలికి రానివ్వండి. వెలుతురులో చూస్తే అది అనుకున్నంత భయంకరంగా ఉండదు.