బిళ్ళ మనకు, మిషను వాళ్ళకు!

వెనకటికి బిళ్ళ అంటే బంట్రోతు ఛాతీ మీద ఉండేది, లేదంటే కుక్క మెడలో ఉండేది. ఇప్పుడు బిళ్ళ లేని చోటేదో మీరే చెప్పండి! కారు అద్దానికి బిళ్ళ. కొట్లో చీరకు బిళ్ళ. బడిపిల్ల మెడలో బిళ్ళ. దుబాయి వెళ్ళేవాడి పాస్‌పోర్టు అట్టలో కంటికి కనిపించని బిళ్ళ. దీనికి ఆర్‌.ఎఫ్‌.ఐ.డి. అని నోరు తిరగని పేరు పెట్టారు గానీ, లోపల ఉన్నది బుల్లి చిప్పు, దాని చుట్టూ సన్నని తీగ, అంతే. చాలావాటిలో బ్యాటరీ కూడా ఉండదు. రీడరు అనే మిషను దగ్గరికి రాగానే, అది పంపే రేడియో తరంగాల్లోంచే కాస్త శక్తి తీసుకుని "నేను ఫలానా నంబరు" అని పలుకుతుంది. అంతవరకూ మౌనమే.

ఇది తెలిశాక నాకు పాతకాలపు కోడలు గుర్తొచ్చింది. అత్తగారు పిలిస్తే పలకాలి. అడిగిందానికే జవాబు చెప్పాలి. ఎదురు ప్రశ్న వెయ్యకూడదు.

నేను ఈ బిళ్ళలకు శత్రువును కాను సుమా! కోరుట్ల నుంచి ఆర్మూరు మీదుగా హైదరాబాదు వెళ్తుంటే ఇందల్వాయి దగ్గరా, భిక్కనూరు దగ్గరా టోలు గేట్లు తగులుతాయి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగు తప్పనిసరి అయ్యాక అక్కడ చిల్లర గొడవ తగ్గింది. మన దుబాయి వాళ్ళకైతే ఇది పాత ముచ్చటే. అక్కడ 'సాలిక్' పేరుతో 2007లోనే వచ్చింది. పెద్ద బట్టల కొట్లలో ఒక్కొక్కటే విప్పి చూడకుండా సరుకంతా లెక్క తేలుతోంది. సంతోషమే. కారుకు అభిమానం ఉండదు, చొక్కాకు కోపం రాదు. నా పోట్లాటల్లా మనుషులకు కట్టే బిళ్ళతోనే.

మా అమ్మాయి బడిలో గుర్తింపు కార్డుల్లో ఈ చిప్పు పెట్టారు. పిల్ల గేటు దాటగానే తల్లి ఫోనుకు కబురొస్తుంది. ఎంత నిశ్చింత! ఒకరోజు పిల్ల జ్వరంతో నా పక్కనే మూలుగుతుంటే, ఫోను మాత్రం "మీ పాప 8.42కి బడికి చేరింది" అంది. ముందురోజు కార్డు స్నేహితురాలి సంచిలో ఉండిపోయిందట. బడికి ఫోన్ చేస్తే, "మా సిస్టంలో ప్రెజెంటే ఉందమ్మా" అని గుమాస్తాగారు నాకే నచ్చజెప్పారు!

బిళ్ళ చెప్పేది కార్డు వచ్చిందని. పిల్ల వచ్చిందని కాదు. పిల్ల అన్నం తిన్నదా, ఎవరైనా ఏడిపించారా, గడియ లేని మరుగుదొడ్డికి వెళ్ళలేక మంచినీళ్ళు తాగడమే మానేసిందా? ఇవి చెప్పే చిప్పు ఏదీ? వాటికి టీచరమ్మ కావాలి, ఆయా కావాలి. వాళ్ళకు నెలనెలా జీతాలివ్వాలి. చిప్పయితే చవక.

2005లో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని సట్టర్ అనే చిన్న ఊరి బడి ఇట్లాగే పిల్లల మెడల్లో బిళ్ళలు వేసింది. సరుకును లెక్కపెట్టినట్టు పిల్లల్ని లెక్కపెట్టడమేమిటని తల్లిదండ్రులు తిరగబడ్డారు. కొద్ది వారాల్లోనే ఆ పథకం ఆగిపోయింది. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం పిల్లల వెంటపడి నిఘా పెట్టరాదంటుంది. 2025 నవంబరులో వచ్చిన నియమాలు మాత్రం చదువు, భద్రత పేరు చెప్పి బడులకు సడలింపు ఇచ్చాయి. భద్రత అనే మాట వింటే మన తల్లులం ఇంకేమీ అడగమని వాళ్ళకు తెలుసు!

ఇక మన జగిత్యాల, కోరుట్ల సంగతి. ఇక్కడ గల్ఫుకు మనిషిని పంపని వాడ ఉందా? 2024 ఏప్రిల్లో ప్రయోగంగా మొదలైన చిప్పు పాస్‌పోర్టులు హైదరాబాదులోనూ ఇస్తున్నారు. దొంగ పాస్‌పోర్టులు తయారు కాకుండా మంచి ఏర్పాటే. 1967 నాటి చట్టం ప్రకారం పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. పనివాడి పాస్‌పోర్టు యజమాని గుంజి పెట్టుకోరాదని కతారు, సౌదీ చట్టాలు కూడా అంటున్నాయి. అయినా అది యజమాని బీరువాలోకి పోతూనే ఉంది. అక్కడ చిప్పు ఎవరితో మొరపెట్టుకుంటుంది? రీడరు ఎదురుపడితే తప్ప నోరు విప్పదాయె!

విమానంలో వేసిన పెట్టెను నాలుగు చోట్ల ఆరా తీసి తీరాలని విమాన సంస్థల సంఘం 2018 జూన్ నుంచి నియమం పెట్టింది. హాంకాంగ్ వంటి విమానాశ్రయాల్లో ఆ పెట్టె చీటీల్లోనూ ఈ చిప్పే ఉంటుంది. ఇదంతా చెబితే మా పక్కింటావిడ విని, "పెట్టె యాడున్నదో చెప్పే మిషినున్నది గని అక్కా, మనిషి యాడున్నడో చెప్పే మిషిన్ లేదా?" అంది. ఆమె మగడి నుంచి మూడు నెలలుగా ఫోను లేదు. నా దగ్గర జవాబు లేకపోయింది.

సిరిసిల్లకు రండి. 2017 నుంచి కొన్నేళ్ళు అక్కడి సాంచాల మీద ఏటా కోటికి అటూ ఇటూగా బతుకమ్మ చీరలు నేశారు. 2024లో ఆ పంపిణీ ఆగింది. మరుసటి ఏడు మహిళా సంఘాల చీరలతో పని మళ్ళీ వచ్చింది, మంచిదే. కానీ నడుమ సాంచాలు మూగబోయి, నేతన్నల ఇళ్ళల్లో పొయ్యి మీద పిల్లి పడుకున్నప్పుడు ఏ గేటు దగ్గరా మిషను కుయ్యిమనలేదు. చీరకు బిళ్ళ కడితే అది ఏ ఊరి కొట్లో ఉందో చెప్పవచ్చు. నేసినవాడికి కూలి ముట్టిందో లేదో చెప్పమని దాన్ని ఎవరూ అడగరు.

"తప్పు చెయ్యనప్పుడు భయమెందుకమ్మా?" అంటారు కొందరు పెద్దమనుషులు. చిత్తం. అయితే ముందు యజమాని బీరువాలోకి చేరిన పాస్‌పోర్టులకు గంట మోగే ఏర్పాటు చెయ్యండి. బడివారు కట్టించుకున్న ఫీజు ఏ గదిలో ఆగిందో మా ఫోనుకు కబురు పంపండి. ఒప్పుకోరు! బిళ్ళ ఎప్పుడూ మనకు, మిషను ఎప్పుడూ వాళ్ళకు.

అందుకే అమ్మలూ, జూన్‌లో బడి ఫారం మీద సంతకం పెట్టేముందు కళ్ళజోడు పెట్టుకుని చదవండి. ఈ చిప్పు ఎవరు చదువుతారు, చదివింది ఎన్నాళ్ళు దాచుకుంటారు, వద్దంటే తీసేస్తారా అని అడగండి. గుమాస్తా విసుక్కుంటే విసుక్కోనివ్వండి. అడగకుండా పడి ఉండేది చిప్పు, మనం కాదు గదా!