ఫొటో కాదు.. ఫాలోఅప్ చూడండి

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్‌నగర్ వైపు ఒకసారి బండి మీద వెళ్లి చూడండి. సినిమా పోస్టర్లతో పోటీపడుతూ క్లినిక్ బోర్డులు కనిపిస్తాయి. స్కిన్, హెయిర్, బాడీ కాంటూరింగ్! ఎడమపక్క ‘ముందు’ ఫొటో, కుడిపక్క ‘తర్వాత’ ఫొటో. బాడీ కాంటూరింగ్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. పేరుకున్న కొవ్వు తీసి, వేలాడే చర్మం కత్తిరించి ఒంటి ఆకృతిని సరిచేసే సర్జరీలు.

బీటెక్ అయిన కొత్తలో అలాంటి ఓ క్లినిక్‌కి వెబ్‌సైట్ చేసిపెట్టాను. నాకిచ్చిన ఫోల్డర్‌లో 40 జతల ఫొటోలున్నాయి. అన్నీ అద్భుతంగా వచ్చినవే. ‘మొత్తం ఎంతమందికి చేశారండీ? ఏడాది తర్వాత వాళ్లెలా ఉన్నారు?’ అని అడిగాను. మేనేజర్ నవ్వేసి, ‘అవన్నీ నీకెందుకు తమ్ముడూ, స్లైడర్ స్మూత్‌గా తిరగాలి, అంతే’ అన్నాడు. స్లైడర్ స్మూత్‌గానే తిరిగింది. నా డబ్బులు నాకొచ్చాయి. కానీ ఆ ఫోల్డర్‌లో లేని పేషెంట్ల సంగతి మాత్రం బుర్రలోంచి పోలేదు.

ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఇదంతా ఎందుకంటే.. వ్యాపారానికీ, పరిశోధనకీ తేడా ఆ ఫోల్డర్ దగ్గరే తెలుస్తుంది. బాగా వచ్చినవే దాచుకుంటే ప్రకటన అవుతుంది. రానివి కూడా రాసిపెట్టుకుంటే పరిశోధన అవుతుంది. కెరీర్ పదేళ్లు నిలబడాలంటే రెండో రకం చోటే వెతుక్కోవాలని నా అభిప్రాయం.

ఒకే చెయ్యి.. రెండు గదులు

ప్లాస్టిక్ సర్జన్ అనగానే మనకు హీరోయిన్ ముక్కు గుర్తొస్తుంది. కానీ ఆ డిగ్రీ సంగతి వేరు. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, జనరల్ సర్జరీలో ఎంఎస్ మూడేళ్లు, ఆపైన ఎంసీహెచ్ మూడేళ్లు. మధ్యలో ఎంట్రన్సులకు పోయే కాలం కలపకుండానే పదకొండున్నరేళ్లు! పొట్ట మీద కొవ్వు తీయడం, మంటల్లో కాలిన చేతికి చర్మం అతకడం రెండూ ఆ ఒక్క డిగ్రీలోనే నేర్పుతారు.

మెట్రోలో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో ఎక్కి, అమీర్‌పేటలో మారితే ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగొచ్చు. అక్కడికి దగ్గర్లోనే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి. ఒకే ఊళ్లో, ఒకే విద్యకు రెండు కొసలివి. ఒక చోట అందం కోసం డబ్బు కట్టి వచ్చేవాళ్లు. ఇంకోచోట స్టవ్ పేలో, కరెంటు తగిలో ఇంట్లోవాళ్లు మోసుకొస్తే వచ్చేవాళ్లు. మన దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఓ మోస్తరు నుంచి తీవ్రమైన కాలిన గాయాల పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర వోల్వో బస్సు తగలబడి 45 మంది చనిపోవడం మనం మర్చిపోలేదు. సినిమావాళ్లకూ ఈ గండం కొత్త కాదు. 1989లో మైసూరులో ‘ది స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్’ సీరియల్ సెట్ తగలబడింది. నటుడు సంజయ్ ఖాన్ ఒళ్లు 65 శాతం కాలిపోయింది. 70కి పైగా ఆపరేషన్లు అయ్యాకగానీ ఆయన మళ్లీ మామూలు మనిషి కాలేదు.

ఈ రెండు గదుల మధ్య తలుపు తీసింది పరిశోధనే. 2001లో ప్యాట్రిషియా జుక్ అనే శాస్త్రవేత్త బృందం లైపోసక్షన్‌లో తీసి పారేసే కొవ్వును పరీక్షించింది. అందులో ఎముకగా, మృదులాస్థిగా, కండరంగా మారగల మూలకణాలున్నాయని చూపించింది. ఆ తర్వాత కాలిన మచ్చల కింద సొంత కొవ్వునే ఎక్కించి గట్టిపడ్డ చర్మాన్ని మెత్తబరచవచ్చా అని సర్జన్లు పరీక్షిస్తూ వచ్చారు. పొట్ట తగ్గించే సర్జరీలో కత్తిరించిన చర్మం మీద ల్యాబుల్లో కాలిన గాయాల ప్రయోగాలు జరుగుతున్నాయి. ఒక గదిలో చెత్తబుట్టలో పడేది ఇంకో గదిలో ముడిసరుకు అన్నమాట. అయితే దాన్ని తూచి, లేబుల్ వేసి, రాసుకునే మనిషి మధ్యలో ఉండాలి.

లెక్క రాసినవాళ్లే మార్చారు

లైపోసక్షన్ మొదటి రోజుల్లో రక్తం బాగా పోయేది. జెఫ్రీ క్లెయిన్ అనే అమెరికా చర్మవైద్యుడు ఉప్పునీటిలో లిడోకెయిన్ మత్తుమందును బాగా పలుచన చేసి, అడ్రినలిన్ కలిపి కొవ్వులోకి ఎక్కించే పద్ధతిని 1987లో ప్రచురించాడు. రక్తస్రావం బాగా తగ్గిపోయింది. అప్పటిదాకా ఆ మందుకు పరిమితి కిలో బరువుకు 7 మిల్లీగ్రాములు. ఆయన పేషెంట్ల రక్తంలో మందు ఎంత చేరుతోందో కొలిచి, ఈ పద్ధతిలో 35 దాకా వెళ్లొచ్చని 1990లో చూపించాడు. ‘నా చెయ్యి మంచిది’ అనలేదు. అంకెలు ముందు పెట్టాడు.

కాలిన గాయాల్లోనూ ఇదే కథ. ఒకప్పుడు చచ్చిపోయిన చర్మం దానంతటది ఊడేదాకా వారాల తరబడి ఎదురుచూసేవారు. ఈలోపే ఇన్ఫెక్షన్ ప్రాణం తీసేది. స్లొవేనియాలో మారిబోర్ అనే చిన్న ఊళ్లో పనిచేసిన జోరా యాంజెకోవిచ్ అనే సర్జన్ అంత ఆగలేదు. తొలి రోజుల్లోనే కాలిన పొరను పలుచగా చెక్కేసి, వెంటనే కొత్త చర్మం వేసేది. వందల కేసులు రాసిపెట్టి 1970లో ప్రచురిస్తే, పెద్ద దేశాల సర్జన్లు ఆ చిన్న ఊరికి వెతుక్కుంటూ వచ్చారు.

ఇంజినీరింగ్ మిత్రులకు అసలు కబురు ఇప్పుడు చెబుతాను. బోస్టన్‌లో జాన్ బర్క్ అనే సర్జన్, ఎంఐటీలో పాలిమర్లు చదివిన ఇంజినీర్ అయొనిస్ యానస్‌తో జతకట్టాడు. ఆవు కొలాజెన్, షార్క్ మృదులాస్థిలోంచి తీసిన పదార్థం కలిపి ఓ పొర తయారుచేశారు. గాయం త్వరగా మూసుకుపోవాలన్నది వాళ్ల ఉద్దేశం. తీరా చూస్తే మూసుకోవడం ఇంకా ఆలస్యమైంది! ఆ ఫోల్డర్ డిలీట్ చేసి ఉంటే కథ అక్కడే ముగిసేది. ఎందుకిలా అని తరచి చూస్తే ఆ పొర లోపల కొత్త చర్మం పెరుగుతోంది. 1981లో ఫలితాలు ప్రచురించారు. 1996లో అమెరికాలో ‘ఇంటెగ్రా’ పేరుతో అనుమతి వచ్చింది. ఫెయిలైన రీడింగే ప్రొడక్ట్ అయింది.

‘అది ఎంఐటీ కదా అన్నా’ అంటారేమో. అయితే ముంబయి సైన్ ఆసుపత్రికి రండి. అక్కడి సర్జన్ మాధురి గోరే, మనం భోంచేసే అరిటాకునే శుద్ధి చేసి కాలిన గాయాలకు డ్రెస్సింగ్‌గా వాడి, 2003లో ‘బర్న్స్’ జర్నల్‌లో ఫలితాలు ప్రచురించారు. ఉడికించిన బంగాళాదుంప తొక్కల బ్యాండేజీతో పోల్చి చూస్తే రెండూ బాగానే పనిచేశాయి. అరిటాకు ఇంకా చవక. ఆకు నున్నగా ఉంటుంది కాబట్టి గాయానికి అంటుకోదు. కట్టు మార్చేటప్పుడు నొప్పి తక్కువ. ఇంట్లో మీరు ప్రయత్నించకండి. అక్కడ ఆకును స్టెరిలైజ్ చేశారు, పక్కనే పోలిక పెట్టారు, లెక్క రాశారు. గొప్పతనం ఆకుది కాదు, ఆ లెక్కది.

‘ముందు జాబ్ రానీ అన్నా’

ఈ మాట నాకు తెలుసు. ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ ఆదర్శాలు చూసి ఆగదు. కాస్మెటిక్ రంగంలో పనిచేయడం తప్పనీ నేననను. యాభై కిలోలు తగ్గాక వేలాడే చర్మం మడతల్లో పుండ్లు పడి బాధపడేవాళ్లకు ఆ సర్జరీ సోకు కాదు, వైద్యం. ఆ క్లినిక్కుల్లో కౌన్సెలర్, మార్కెటింగ్, డేటా ఉద్యోగాలున్నాయి. చేరండి. కాకపోతే ఇంటర్వ్యూలో మీరూ మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడ కేసులన్నీ రికార్డు చేస్తారా? ఏడాది తర్వాత పేషెంట్‌కి ఫోన్ చేస్తారా? కాంప్లికేషన్లు వస్తే ఎక్కడ రాస్తారు? జవాబులు దొరికిన చోట మీరు పని నేర్చుకుంటారు. దొరకని చోట స్లైడర్లు తిప్పడం నేర్చుకుంటారు.

ఈ రంగం డాక్టర్లదే అనుకోవద్దు. గాయం ఫొటో చూసి ఎంత శాతం కాలిందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌కి కోడ్ రాసేవాళ్లు కావాలి. ట్రయల్స్ నడపడానికి ఫార్మ్‌డీ, లైఫ్ సైన్సెస్ వాళ్లు కావాలి. ఫలితం నిజమో కాదో తేల్చడానికి స్టాటిస్టిక్స్ వాళ్లు కావాలి. చనిపోయిన ఆరు గంటల్లోపు సేకరించిన చర్మాన్ని శుద్ధి చేసి, చల్లగా భద్రపరిచే స్కిన్ బ్యాంకులకు టెక్నీషియన్లు కావాలి. ఉస్మానియాలో అలాంటి బ్యాంకు ఉంది కూడా. ఉస్మానియా యూనివర్సిటీలో, ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ చెబుతున్నారు. ఈ రాత్రి రీల్స్ కాసేపు పక్కన పెట్టి, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా సైట్‌లో ‘బర్న్స్’ అని వెతకండి. ఎవరు, ఏ ఆసుపత్రిలో, దేని మీద ట్రయల్ చేస్తున్నారో ఉచితంగా కనిపిస్తుంది. వాళ్లకు నాలుగు లైన్ల మెయిల్ పెట్టడానికి రికమెండేషన్ అక్కర్లేదు.

ఇండస్ట్రీ పెద్దలకూ ఒక మాట. దర్శక నిర్మాత ఎల్వీ ప్రసాద్ కుటుంబం కోటి రూపాయలు, ఐదెకరాల భూమి ఇస్తే బంజారాహిల్స్‌లో కంటి ఆసుపత్రి వెలిసింది. ఇవాళ అక్కడ డాక్టర్ల పక్కన ఇంజినీర్లు కూర్చుని పరికరాలు తయారుచేస్తున్నారు. సినిమా డబ్బు కన్నుకు అంత చేసినప్పుడు, ముఖాలతోనే బతికే పరిశ్రమ కాలిన ముఖాల కోసం ఒక పరిశోధన కేంద్రం పెట్టలేదా?

అది ఎప్పుడు వస్తుందో గానీ, మీ చేతిలో ఉన్నది మీరు చేయండి. ఏ కంపెనీ అయినా, ఏ ప్రాజెక్టు అయినా ‘తర్వాత’ ఫొటో చూపించి మురిపిస్తుంటే, ఆ తర్వాత ఏమైందని అడగండి. జవాబు లేకపోతే, దాన్ని కనిపెట్టే పని మీరే ఎందుకు మొదలుపెట్టకూడదు?