‘మూవ్’ అను క్రియకు గమ్యమెక్కడ?

“ఏటీ అండ్ టీ అసెంబ్లీ తలక్రిందుల భాష తాతయ్యా, దానిని చదవనక్కరలేదు” అన్నాడు మా మనుమడు. ఇంటెల్ పద్ధతిలో నాలుగు నెలలు అభ్యాసం చేసినవాడు, లైనక్సులో జీసీసీ వెలువరించిన అసెంబ్లీని చూడగానే మండిపడ్డాడు. ఈ మాట వాడి సొంతం కాదు, ఎందరో ప్రోగ్రామర్లు వల్లించేదే. జీవితమంతా వ్యాకరణం బోధించినవాణ్ణి, దీనిని ఒప్పుకోలేను.

ఈబీఎక్స్ లోని విలువను ఈఏఎక్స్ లో ఉంచవలెననుకోండి. ఇంటెల్ వారు ‘మూవ్ ఈఏఎక్స్, ఈబీఎక్స్’ అని గమ్యాన్ని ముందు వ్రాస్తారు. ఏటీ అండ్ టీ పద్ధతిలో ‘మూవ్ఎల్ ఈబీఎక్స్, ఈఏఎక్స్’ అని మూలం ముందు వస్తుంది (చివరి ‘ఎల్’ నాలుగు బైట్లకు గుర్తు). ఇందులో తలక్రిందులేమున్నది? బిందెలోని నీళ్ళు చెంబులో పోయమని కదా మనం అనేది! 1978లో ఇంటెల్ 8086 రాకముందే, పీడీపీ-11 యంత్రాలపై యూనిక్సు వ్రాసినవారు మూలాన్నే ముందు వ్రాసేవారు.

రాముడు రావణుని చంపెనన్నా, రావణుని రాముడు చంపెనన్నా మనకు అర్థం చెడదు, విభక్తి కాపాడుతుంది. అసెంబ్లీలో స్థానమే విభక్తి. ఏటీ అండ్ టీ వారు రిజిస్టరుకు ముందు పెట్టే శాతపు గుర్తునూ, సంఖ్యకు ముందు పెట్టే డాలరు గుర్తునూ చూసి విభక్తులని భ్రమపడరాదు. అవి జాతిని చెబుతాయి, కారకాన్ని చెప్పవు. డాలరు మరచి ఒట్టి 1 వ్రాస్తే, అది ఒకటి అనే సంఖ్య కాదు, 1వ చిరునామాలో ఉన్నదానిని తెమ్మనడం. లైనక్సులో ప్రోగ్రాము అక్కడే కూలుతుంది.

వాడి పక్షాన ఒక సత్యం లేకపోలేదు. ‘సీఎంపీఎల్ ఈబీఎక్స్, ఈఏఎక్స్’ అని పోల్చి, వెంటనే ‘జేజీ’ అంటే, ముందున్న ఈబీఎక్స్ పెద్దదైనప్పుడు కాదు, వెనుకనున్న ఈఏఎక్స్ పెద్దదైనప్పుడు దూకుతుంది. ఇది చదువరిని మోసగించే క్రమమే. దశాంశ సంఖ్యల తీసివేతలో కొన్ని ఆదేశాల పేర్లు పాత అసెంబ్లరులో తారుమారై, నేటికీ అలాగే నిలిచిపోయాయి. దోషాన్ని దోషమనే అనాలి. కాని దోషమున్న భాషను చదవనంటే ఏ భాష మిగులుతుంది?

“ఇంటెల్ పద్ధతిలో చూపమని జీసీసీకీ, జీడీబీకీ చెప్పవచ్చు కదా” అంటారు. చెప్పవచ్చు. అయితే లైనక్సు కెర్నలులోని ఎక్స్86 అసెంబ్లీ ఏటీ అండ్ టీ పద్ధతిలోనే ఉన్నది. దానిని వ్రాసినవారు మన అలవాటు కోసం తిరిగి వ్రాయరు. ఈఏఎక్స్ లో 1 ఉంచమని ఏ పద్ధతిలో వ్రాసినా యంత్రానికి చేరేవి బీ8 01 00 00 00 అనే ఐదు బైట్లే. కలహమంతా మన కళ్ళది.

పది వరుసలను రెండు పద్ధతులలోనూ చేతితో వ్రాయమన్నాను. గొణుగుతూనే వ్రాస్తున్నాడు. నిన్న సీఎంపీ దగ్గర ఆగి, “తాతయ్యా, ఇక్కడ దేనిలోనుంచి దేనిని తీసివేస్తున్నాడు?” అని అడిగాడు.