మాటల ప్యాకు అడిగి వేయించుకోండి

ఫోర్ జీ వచ్చాక సెల్ కంపెనీలు మాటల కన్నా నెట్టు అమ్మడం మీదే పడ్డాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి కొన్ని నెలలు ఉచితంగా ఇవ్వడంతో పల్లెలన్నిటికీ అలవాటు చేసినట్టయింది. ఆ తర్వాత రేట్లు పెరుగుతూ వచ్చాయి. 2024 జులైలోనైతే మూడు పెద్ద ప్రైవేటు కంపెనీలూ ఒకటి రెండు రోజుల తేడాతో పెంచేశాయి.

బటన్ల ఫోను వాడే సన్నకారు రైతుకు రోజుకు ఒకటిన్నర జీబీ నెట్టు ఏం చేసుకోవాలి? ట్రాక్టరు మనిషిని పిలవాలి, యార్డులో ధర అడగాలి, పీఎం కిసాన్ ఓటీపీ రావాలి. అంతే కదా. పాలు కావాలంటే గేదెనే కొనమన్నట్టుంది వీళ్ల వరస. అదీ 28 రోజులకే! ఈ లెక్కన ఏడాదికి 12 కాదు, 13 సార్లు వేయించాలి. పంట డబ్బు చేతికొచ్చేదేమో ఏడాదికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు.

చివరికి 2024 డిసెంబరులో ట్రాయ్ కలగజేసుకుంది. మాటలకు, మెసేజిలకు మాత్రమే పనికొచ్చే ప్యాకులు విడిగా పెట్టాలంది. 2025 జనవరిలో కంపెనీలు 84 రోజులవి, ఏడాదివి తెచ్చాయి. వీటికి మాత్రం గోడల మీద ప్రకటనలుండవు. దుకాణంవాడూ అడగందే చెప్పడు. నెట్టు తీసేసినా ధర ఆ మేరకు తగ్గలేదన్నది నా అభిప్రాయం. ఏడాది సొమ్ము ఒక్కసారే కట్టమంటే కౌలురైతు ఎక్కణ్ణుంచి తెస్తాడు? 28 రోజుల మాటల ప్యాకు చవగ్గా ఇవ్వాల్సిందే.

ఏడాదిది వేయించే ముందు, ఆ కంపెనీ సిగ్నలు మీ బోరు దగ్గర అందుతుందో లేదో చూసుకోండి.