ఎవరూ నడపని బండి

రావిర్యాల ఎగ్జిట్ దగ్గర సర్వీస్ రోడ్డు మీద ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. వండర్లాకి వెళ్లే కార్ల పక్కనే కంకర టిప్పర్లు పోతుంటాయి. స్కేల్ మోడల్స్ చేసేవాళ్లకి ఇంతకంటే మంచి రిఫరెన్స్ దొరకదు. కానీ మనం చూసేది మాత్రం యూట్యూబ్!

నేనూ అంతే. పోయిన సెమిస్టర్ సెలవుల్లో 1/24 స్కేల్‌లో ఒక టిప్పర్ చేశాను. వీడియోలో చూపించినట్టే నల్లటి వాష్ కలిపి బండి మొత్తానికి పూసేశా. ఇరవై ఏళ్లుగా టిప్పర్ నడుపుతున్న మా నాన్నకి గర్వంగా చూపిస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎవ్వలు నడపని బండి బిడ్డా" అన్నాడు.

నిజమే. డ్రైవర్ కాలు పెట్టే మెట్టు కొత్తగా మెరుస్తోంది. రాళ్లు జారే తొట్టి లోపల ఒక్క గీత లేదు. వైపర్ తుడిచే చోట, తుడవని చోట ఒకటే దుమ్ము. పైగా ఆ బురద యూరప్‌ది. మన చెల్క నేల ఎర్రగా ఉంటుంది కదా!

వాష్ అంటే బాగా పల్చన చేసిన రంగు. కుంచె కొనతో అంచుకి తాకిస్తే చాలు, కేపిలరీ యాక్షన్ వల్ల సందుల్లోకి అదే పాకుతుంది. అక్రిలిక్ రంగు మీద గ్లాస్ వార్నిష్ వేసి, అది బాగా ఆరాక టర్పెంటైన్‌లో కలిపిన ఆయిల్ కలర్ వాడితే, ఎక్కువైంది తుడిచేయొచ్చు. ఇదంతా ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుంది. ఎక్కడ ఆపాలో తెలియడమే కష్టం. 1/24లో ఒక మిల్లీమీటరు నల్లగీత అంటే అసలు బండి మీద 2.4 సెంటీమీటర్లు. తలుపు చుట్టూ అంత సందున్న టిప్పర్ మీరెప్పుడైనా చూశారా?

నేననేది ఒక్కటే: ప్రతి మరకకీ కారణం ఉండాలి. డీజిల్ ట్యాంకు మూత కింద జారిన చార, చక్రం వెనక చిమ్మిన మట్టి, చెయ్యి పడీ పడీ రంగు పోయిన హ్యాండిల్, ఇవన్నీ ఒక మనిషి చేసిన పనికి గుర్తులు. ఇంకొకరి మురికిని కాపీ కొట్టడం, ప్రయోగం చేయకుండా రికార్డు రాయడం లాంటిదే.

ఆ వాష్ మొత్తం తుడిచేశాను. ఈసారి నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని మెట్టు దగ్గర నుంచి మొదలుపెట్టా. ఇన్నేళ్లలో ఆయన పని గురించి నేను అడగడం అదే మొదటిసారి.