'సీజ్ ది షిప్' తర్వాత ఏమైంది? లంగరు, బందరు, జప్తు... మూడు మాటల మధ్య కాకినాడ బియ్యం

2024 నవంబరు 29న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కాకినాడలో బోటెక్కి, తీరానికి దూరంగా నిలిచి ఉన్న 'స్టెల్లా ఎల్' అనే పనామా జెండా ఓడ దగ్గరికి వెళ్లారు. 'సీజ్ ది షిప్' అన్నారు. ఆ మాట సాయంత్రానికల్లా ప్రతి ఫోన్లోనూ తిరిగింది. అంతకు రెండు రోజుల ముందే జిల్లా కలెక్టర్ షాన్ మోహన్ ఆ ఓడను తనిఖీ చేసి, అందులో 640 టన్నుల రేషన్ బియ్యం ఉన్నాయని చెప్పారు. డిసెంబరు 6న ఐపీఎస్ అధికారి వినీత్ బ్రిజ్‌లాల్ ఆధ్వర్యంలో ప్రభుత్వం సిట్ వేసింది. డిసెంబరు 17న కలెక్టర్ మళ్లీ మాట్లాడుతూ, అయిదు శాఖల బృందం పరిశీలనలో రేషన్ బియ్యం లెక్క 1,320 టన్నులకు తేలిందన్నారు. ఆ సరుకు దించేశాక, 2025 జనవరి మొదటి వారంలో ఓడ పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ దేశానికి బయల్దేరి వెళ్లిపోయింది.

ఓడ వెళ్లిపోయిందా? మరి సీజ్ చేశారన్నారుగా? జగన్నాథపురం టీ కొట్టు దగ్గరైనా, రాజమండ్రి బస్టాండులోనైనా జనం అడిగే ప్రశ్న ఇదే. జవాబు రాజకీయ ప్రసంగాల్లో దొరకదు. చట్టంలో ఏ మాటకు ఏ అర్థం రాసి పెట్టారో అక్కడ దొరుకుతుంది. ఈ కథంతా మూడు మాటల చుట్టూ తిరుగుతుంది: లంగరు, బందరు, జప్తు. మూడూ మన ఉర్దూలోనూ ఉన్నాయి, తెలుగులోనూ ఉన్నాయి. అర్థం తెలుసనే అనుకుంటాం. చట్టం మాత్రం వాటిని వేరేలా చదువుతుంది.

లంగరు: ఓడ నిలిచిన చోటు ఎవరిది?

కాకినాడలో యాంకరేజ్ పోర్టు, డీప్ వాటర్ పోర్టు వేరువేరు. డీప్ వాటర్ పోర్టులో ఓడ నేరుగా బెర్తుకు ఆనుకుంటుంది. యాంకరేజ్ పోర్టులో అలా కుదరదు. పెద్ద ఓడ లోతు నీళ్లలో లంగరేసి ఆగుతుంది. ఒడ్డు నుంచి బార్జీలు బస్తాలు మోసుకెళ్లి ఓడకు ఎక్కిస్తాయి. ఆఫ్రికా దేశాలకు వెళ్లే బాస్మతియేతర బియ్యంలో పెద్ద వాటా ఈ కాకినాడ నుంచే వెళుతుంది. హమాలీలు, బార్జీ కళాసీలు, లారీ డ్రైవర్లు, గోడౌన్ గుమస్తాలు... వేల ఇళ్లలో పొయ్యి వెలిగేది ఈ పని మీదే.

ఓడలు, రేవుల భద్రతకు ప్రపంచమంతా ఒప్పుకున్న నిబంధనలు ఐఎస్‌పీఎస్ కోడ్‌లో ఉన్నాయి. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, 2002 డిసెంబరులో లండన్‌లో దీన్ని ఆమోదించారు. 2004 జులై 1 నుంచి అమల్లో ఉంది. సముద్ర ప్రయాణ భద్రతకు సంబంధించిన సోలాస్ ఒప్పందంలో ఇది ఒక భాగం. మన దేశంలో దీన్ని చూసుకునేది డీజీ షిప్పింగ్.

ఈ నిబంధనలు ముందుగా నిర్వచనాలతోనే మొదలవుతాయి. 'పోర్టు ఫెసిలిటీ' అంటే ఓడకూ రేవుకూ మధ్య మనుషులో, సరుకో, సేవలో అటూఇటూ కదిలే చోటు. ఆ చోటు ఏదో నిర్ణయించేది ప్రభుత్వం. అవసరాన్ని బట్టి లంగరు వేసే చోటు, ఓడలు వేచి ఉండే చోటు, సముద్రం వైపు నుంచి వచ్చే దారి కూడా అందులోకే వస్తాయి. ఇందులో కీలకమైనది ఆ 'అవసరాన్ని బట్టి' అన్న మాటే.

ఎందుకంటే ఇదే నిబంధనల్లో ఇంకో నిర్వచనం కూడా ఉంది. పోర్టు ఫెసిలిటీతో సంబంధం లేకుండా ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు సరుకో మనుషులో మారితే దాన్ని 'ఓడ నుంచి ఓడకు జరిగే పని' అంటారు. ఇప్పుడు ఆలోచించండి. సముద్రం మధ్యలో బార్జీ మీంచి విదేశీ ఓడలోకి బస్తా ఎక్కుతోంది. లంగరు వేసిన చోటును రేవులో భాగంగా గుర్తించి ఉంటే, ఆ బస్తాకు రేవు భద్రతాధికారి కూడా జవాబుదారీ. గుర్తించకపోతే అది రెండు పడవల మధ్య వ్యవహారం అయిపోతుంది, బరువంతా ఓడ మీద ఉండే భద్రతాధికారి మీద పడుతుంది. బస్తా మారదు, నీళ్లు మారవు. జిమ్మేదారీ మాత్రం చేతులు మారుతుంది.

ఇంకో ఖాళీ కూడా ఉంది. ఐఎస్‌పీఎస్ వర్తించేది అంతర్జాతీయ ప్రయాణం చేసే ప్రయాణికుల ఓడలకు, 500 గ్రాస్ టన్నేజీ, ఆపైన ఉన్న సరుకు ఓడలకు, సముద్రంలో తవ్వే రిగ్గులకు. కాలువలోంచి లంగరు దాకా వెళ్లొచ్చే బార్జీ ఆ లెక్కలోకి రాదు. చేపల బోటు అసలే రాదు. ఇలాంటి చోట రెండు పక్షాలూ భద్రత విషయంలో ఎవరేం చేయాలో రాసుకుని సంతకం పెట్టుకునేందుకు 'డిక్లరేషన్ ఆఫ్ సెక్యూరిటీ' అనే కాగితం ఉంది. ఓడ అడగొచ్చు. ఆ కాగితం ఉంటే తర్వాత 'నాకు తెలీదు' అనే మాటకు చోటుండదు.

బందరు: దొంగతనమా, భద్రతా లోపమా?

ఆ రోజు పవన్ కల్యాణ్ రేవు భద్రత గురించి కూడా గట్టిగా మాట్లాడారు. ముంబై 26/11 దాడులను గుర్తు చేశారు. ఆ భయం ఉత్తదేమీ కాదు. 2008లో పది మంది దుండగులు 'కుబేర్' అనే గుజరాత్ చేపల ట్రాలర్‌ను పట్టుకుని దాని మీదే ముంబై వైపు వచ్చారు. 166 మంది ప్రాణాలు పోయాయి. ఐఎస్‌పీఎస్ అప్పటికే నాలుగేళ్లుగా అమల్లో ఉంది. కానీ చేపల బోటు ఆ నిర్వచనంలో లేదు. ఆ తర్వాతే మత్స్యకారులకు బయోమెట్రిక్ కార్డులు, పడవల రిజిస్ట్రేషన్ల మీద గట్టి పట్టు వచ్చాయి.

అయినా ఒక తేడా చూడాలి. ఐఎస్‌పీఎస్ లెక్కలో 'భద్రతా సంఘటన' అంటే ఓడకో, రేవుకో, వాటి మధ్య జరిగే పనికో ముప్పు తెచ్చే అనుమానాస్పద చర్య లేదా పరిస్థితి. ఆయుధాలు దాచి తేవడం, అనుమతి లేని మనిషి ఓడ ఎక్కడం, సరుకును తారుమారు చేయడం లాంటివన్న మాట. రేవు గేటు దగ్గర చూడమనేది వచ్చిన సరుకు కాగితాల్లో రాసినదేనా కాదా అని. కాగితంలో బియ్యం అని ఉంది, బస్తాలో బియ్యమే ఉంది. గేటు దగ్గరి మనిషి ఏం పట్టుకోగలడు?

పైగా ఆ సమయంలో ఎగుమతికి అడ్డు కూడా లేదు. 2023 జులైలో తెల్ల బియ్యం ఎగుమతిపై కేంద్రం పెట్టిన నిషేధాన్ని 2024 సెప్టెంబరు చివర్లో ఎత్తేసింది. కనీస ధర షరతు కూడా అక్టోబరులో తీసేసింది. అంటే ఓడలోకి బియ్యం ఎక్కడం నేరం కాదు. అది పేదవాడి కార్డు మీద ఇచ్చిన బియ్యం కావడమే నేరం. ఆ తేడా తెలిసేది గింజను పరీక్షిస్తేనే. అప్పట్లో రేషన్ బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన ఫోర్టిఫైడ్ గింజలు కలిపేవారు కాబట్టి ల్యాబులో దొరికేది. పాలిష్ పట్టి, సంచి మార్చాక చూపుకు దొరకదు.

అందుకే ఇది మొదట ఊళ్లోనే ఆగాల్సిన దొంగతనం. కార్డుదారు నుంచి కొన్న దళారీ, గోడౌన్, మిల్లు, ఎగుమతిదారు... వీళ్లందరినీ దాటాకే సముద్రం వస్తుంది. దీన్నంతా 'దేశ భద్రత' అనే ఒకే సంచిలో వేస్తే ఏమవుతుంది? అనుమానం బార్జీ కళాసీ మీద, హమాలీ మీద, వేట పడవ మీద వాలుతుంది. ఆ మాట ఎవరి మీద ఎంత తేలిగ్గా వాలుతుందో మన ఇళ్లల్లో వేరే చెప్పాల్సిన పని లేదు. అసలు మూట కట్టినవాడు మాత్రం ఒడ్డునే నిమ్మళంగా ఉంటాడు.

జప్తు: ఓడకూ ఆటోకూ ఒకటే వాక్యం

'సీజ్' అని నోటితో అంటే ఓడ జప్తు కాదు. అందుకు మూడు దారులున్నాయి. ఒకటి, 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం. ఇది హైకోర్టు ఇచ్చే 'అరెస్ట్' ఉత్తర్వు. కానీ ఓడ మీద డబ్బు బాకీ, నష్టపరిహారం, సిబ్బంది జీతాల్లాంటి క్లెయిములకు హామీ కోసమే ప్రధానంగా వాడతారు. రెండు, 1962 కస్టమ్స్ చట్టం. స్మగ్లింగుకు వాడిన వాహనాన్ని, ఓడతో సహా, స్వాధీనం చేసుకోవచ్చు. అయితే యజమానికీ, ఏజెంటుకూ, కెప్టెనుకూ తెలియకుండా జరిగిందని యజమాని నిరూపించుకుంటే బయటపడతాడు.

మూడోది రేషన్ బియ్యానికి దగ్గరిది. 1955 నిత్యావసర సరుకుల చట్టం, సెక్షన్ 6ఏ. సరుకునూ, దాని సంచినీ, దాన్ని మోసిన 'జంతువు, వాహనం, ఓడ లేదా ఇతర రవాణా సాధనాన్ని' స్వాధీనం చేసుకునే అధికారం కలెక్టరుకు ఇచ్చింది. అంటే పనామా జెండా ఓడా, పిఠాపురం మినీ వ్యానూ ఒకే వాక్యంలో ఉన్నాయి. అయితే అదే సెక్షన్‌లో ఒక వెసులుబాటు కూడా ఉంది. అద్దెకు సరుకు మోసే వాహనమైతే స్వాధీనానికి బదులు జరిమానా కట్టే అవకాశం ఇవ్వాలి. ఆ జరిమానా పట్టుబడిన సరుకు మార్కెట్ ధరను మించకూడదు.

కాగితం మీద అందరికీ ఒకటే న్యాయం. ఓడ యజమానికి లాయర్లుంటారు, ఏజెంటు ఉంటాడు, ఓడ ఒక్క రోజు ఆగితే ఎంత నష్టమో లెక్క కట్టి చూపిస్తారు. ఫైనాన్సులో కొన్న మినీ వ్యాను మాత్రం స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండుతుంది, వానకు తడుస్తుంది. వాయిదాలు ఆగవు.

కాబట్టి తెలుసుకోవాల్సింది ఇదీ. 6బి ప్రకారం ముందుగా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, కారణం చెప్పాలి, యజమాని మాట వినాలి. తనకూ, తన డ్రైవరుకూ తెలియకుండా జరిగిందనీ, తగిన జాగ్రత్త తీసుకున్నాననీ నిరూపిస్తే వాహనం స్వాధీనం చేసుకోకూడదు. ఉత్తర్వు వచ్చాక నెలలోపు అప్పీలు చేసుకోవచ్చు. బాడుగకు వెళ్లేటప్పుడు లోడు ఎవరిది, ఎక్కడి నుంచి ఎక్కడికి అనే బిల్లు తీసుకుని జేబులో పెట్టుకోవడం చిన్న పనే. రేపు వ్యానును కాపాడేది ఆ కాగితమే.

కొత్త చట్టాలు వచ్చాయి, ఇక?

2025లో పార్లమెంటు రెండు పాత చట్టాలను మార్చింది. 1908 నాటి ఇండియన్ పోర్ట్స్ చట్టం స్థానంలోనూ, 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం స్థానంలోనూ కొత్తవి చేసింది. కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టంలో 'వెసల్' అనే మాటకు అర్థం బాగా విస్తరించింది. పాత చట్టంలో తెరచాప పడవ 'షిప్' కిందకే వచ్చేది కాదు. ఇప్పుడు నీళ్ల మీద తిరిగే దాదాపు ప్రతిదీ 'వెసల్' చూపులోకి వస్తోంది. రేవుల భద్రతకు ప్రత్యేకంగా ఒక బ్యూరో పెట్టాలని 2025 డిసెంబరులో కేంద్రం నిర్ణయించింది.

ఇది మంచిదే. ఖాళీలు పూడాలి. కానీ నిర్వచనం పెద్దదైతే తనిఖీ చేసే చెయ్యి కూడా పెద్దదవుతుంది. ఆ చెయ్యి పెద్ద ఓడ కాగితాలను ఎంత జాగ్రత్తగా చూస్తుందో, చిన్న బార్జీ మనిషితో అంతే మర్యాదగా ఉంటేనే అది భద్రత.

ప్రభుత్వం చేయాల్సిన పనులు రెండు తేలిగ్గా చెప్పొచ్చు. కాకినాడ లంగరు ప్రాంతం ఎవరి భద్రతా పరిధిలో ఉందో, సముద్రంలో బార్జీ నుంచి ఓడకు ఎక్కే సరుకుకు జవాబుదారీ ఎవరో జనానికి అర్థమయ్యేలా రాసి పెట్టాలి. రేషన్ బియ్యం పరీక్ష రేవు గేటు దగ్గర కాదు, మిల్లు, గోడౌన్ దగ్గరే జరగాలి.

ఇక మన వంతు. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు అయిదు కిలోలు. ఆ బియ్యం నోటికి రుచించక పది రూపాయలకు అమ్మేస్తున్న ఇళ్లు మన వీధుల్లోనూ ఉన్నాయి. మనం అమ్మిన అయిదు కిలోలే బస్తాలై, లారీలై, చివరికి ఓడలో తేలాయి. కాకినాడలో లంగరు ఎత్తేదాకా అందరూ ఓడనే చూశారు. ఆ బియ్యం ప్రయాణం మొదలైంది మాత్రం మన గుమ్మంలోనే.